మూడేళ్ల సీజన్ టికెట్ చవగ్గా ఇస్తామంటే ఆగండి: రగ్బీ క్లబ్‌కి డబ్బు కట్టిన నా అనుభవం

యూకేలో ఉంటూ రగ్బీ మ్యాచ్‌లకి టికెట్లు కొనే మన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తీరిక లేనివాళ్లు ఈ ఒక్క పేరా చదివి వెళ్లిపోవచ్చు. క్లబ్ వాళ్లు "మూడు సీజన్లకి ఇప్పుడే కట్టేయండి, బాగా తగ్గిస్తాం" అంటే కట్టకండి. ఒక్క సీజన్‌కే కొనండి. అది కూడా క్రెడిట్ కార్డుతోనే. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ మాత్రం చేయొద్దు. ఇక, మూతపడిన క్లబ్‌ని కొత్త వాళ్లు తీసుకుంటున్నారని, ముందుగా పేరు నమోదు చేసుకోమని ఎవరైనా డబ్బు అడిగితే ఇంకా జాగ్రత్త. ఈ నెల మా దగ్గర సరిగ్గా అదే జరుగుతోంది.

మూతపడిన మా క్లబ్ పేరు రాయడం లేదు. లెక్కలు ఇంకా అడ్మినిస్ట్రేటర్ల (దివాలా తీసిన కంపెనీ వ్యవహారాలు చూసేవాళ్ల) చేతిలో ఉన్నాయి. పైగా పేరు రాస్తే "ఓహో, ఆ క్లబ్బా, మాది అలాంటిది కాదులే" అని మిగతావాళ్లు చదవడం ఆపేస్తారు.

నేను పెరిగింది తెనాలిలో, క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. బంతిని ముందుకి విసరకూడదన్న రూలు వంటబట్టడానికే నాకు ఒక సీజన్ పట్టింది. మా వాడికి పదకొండేళ్లు. ఆదివారం పొద్దున్నే బురదలో పిల్లల రగ్బీ ఆడి వచ్చేవాడు. వాడితో పాటు మేమూ మా ఊరి పెద్ద క్లబ్ మ్యాచ్‌లకి వెళ్లడం మొదలుపెట్టాం. రెండేళ్లలో అదే మాకు శనివారం అయిపోయింది. ఆ చలిలో, ఆ చిప్స్ వాసనలో, పక్క సీటు ముసలాయన తిట్లలో ఏదో ఉంది.

ఏప్రిల్‌లో మెయిల్ వచ్చింది. పెద్దవాళ్ల టికెట్ మూడు సీజన్లకి కలిపి 690 పౌండ్లు. విడివిడిగా కొంటే మూడేళ్లకి వెయ్యి దాటుతుంది. పిల్లల టికెట్ ఏడాదికి 75. మా ఆవిడ ఆ మెయిల్ చదివి ఒకే మాట అంది: "ఏవండీ, ఇది చిట్టీ పాటలా ఉంది. ఎక్కువ తగ్గించుకుని పాడేది ఎవరు? డబ్బు అర్జెంటుగా కావాల్సినవాడేగా?" నేను నవ్వి కార్డు తీశాను. ఇద్దరికీ మూడేళ్ల టికెట్లు, వాడికి ఒకటి, మొత్తం 1,455 పౌండ్లు. ఆఫీసులో పుట్టినరోజుకి ఇచ్చిన 50 పౌండ్ల క్లబ్ గిఫ్ట్ వోచర్ తర్వాత క్లబ్ షాపులో వాడదామని దాచాను. వాడి కొత్త జెర్సీకి ఇంకో 65, అది డెబిట్ కార్డు మీద.

ఇప్పుడు తలుచుకుంటే గుర్తులన్నీ ముందే కనిపించాయి. మ్యాచ్ రోజు అమ్మే చిన్న పుస్తకం ప్రింట్ చేయడం ఆపేశారు, పర్యావరణం కోసమట. జెర్సీలు రెండు నెలలైనా రాలేదు, "సప్లయర్ ఆలస్యం" అన్నారు. బార్‌లో నాలుగు కుళాయిలుంటే ఒక్కదాంట్లోనే బీరు వచ్చేది. గేటు దగ్గర నిలబడే పెద్దాయన జనవరి నుంచి తన పెట్రోల్ ఖర్చులు ఇవ్వలేదని నాతోనే అన్నాడు. పాపం అనుకున్నానే తప్ప, ఆయనకి ఇవ్వలేనివాళ్లు నాకు మూడేళ్లు ఆట ఎలా చూపిస్తారని ఆలోచించలేదు.

సొంత మైదానంలో మూడు మ్యాచ్‌లు అయ్యాయి. నాలుగోదానికి రెండు రోజుల ముందు "అనివార్య కారణాల వల్ల వాయిదా" అని మెయిల్. ఆ తర్వాతి సోమవారం బోర్డు తిప్పేశారు. మన దగ్గర "ఐపీ పెట్టాడు" అంటాం చూడండి, అదే పని ఇక్కడ సూటు వేసుకుని చేస్తారు, దానికి అడ్మినిస్ట్రేషన్ అని పేరు.

ఇది మా ఊరికే వచ్చిన కష్టం కాదు. ఇంగ్లండ్‌లో పెద్ద లీగ్ అయిన ప్రీమియర్‌షిప్‌లో 2022లో 13 క్లబ్బులుండేవి. ఏడాది తిరిగేసరికి పది మిగిలాయి. ముందు వూస్టర్ వారియర్స్. కట్టాల్సిన పన్ను కోసం ప్రభుత్వ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ కోర్టుకి వెళ్లింది. 2022 సెప్టెంబర్ 26న రగ్బీ సంఘం ఆర్‌ఎఫ్‌యూ క్లబ్‌ని అన్ని పోటీల నుంచి సస్పెండ్ చేసింది. అక్టోబర్ 5న ఆటగాళ్లకి జీతాలిచ్చే కంపెనీని హైకోర్టు మూసేసింది. ఆ దెబ్బకి ఆటగాళ్ల కాంట్రాక్టులన్నీ పోయాయి. ఆటగాళ్ల కంపెనీ ఒకటి, క్లబ్ నడిపే కంపెనీ ఇంకోటి. మనం జెండా ఊపేది జట్టుకి, మన డబ్బు వెళ్లేది ఒక లిమిటెడ్ కంపెనీకి. ఆ కంపెనీ పేరు ఏంటో టికెట్ కొన్న రోజు నేను చూడనే లేదు.

పన్నెండు రోజులకి వాస్ప్స్ వంతు. 1867లో పుట్టిన క్లబ్, రెండుసార్లు యూరప్ కప్పు గెలిచింది. వాళ్ల కథ కొనేవాళ్లందరూ తెలుసుకోవాల్సింది, ఎందుకంటే అక్కడ అభిమానులు టికెట్లతో పాటు బాండ్లు కూడా కొన్నారు, అంటే క్లబ్‌కి వడ్డీకి అప్పిచ్చారు. 2014 చివర్లో కోవెంట్రీకి వచ్చి అక్కడి అరీనాని సొంతం చేసుకున్నారు. 2015లో మామూలు జనానికే బాండ్లు అమ్మి 3.5 కోట్ల పౌండ్లు సేకరించారు. ఏడాదికి 6.5 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు. బ్యాంకులో వడ్డీ బాగా తక్కువగా ఉన్న రోజులవి. ఇష్టమైన జట్టు, చేతికి వడ్డీ, ఇంకేం కావాలి? 2022 మేలో అసలు తిరిగివ్వాలి. ఇవ్వలేకపోయారు. అక్టోబర్ 17న అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లారు, ఒక్క రోజులో 167 మంది ఉద్యోగాలు పోయాయి. అరీనాని మైక్ ఆష్లీకి చెందిన ఫ్రేజర్స్ గ్రూప్ కొనుక్కుంది, ధర 1.7 కోట్లు. బాండ్లు 3.5 కోట్లు, అమ్మితే వచ్చింది 1.7 కోట్లు, మిగతా లెక్క మీరే వేసుకోండి. బ్యాంకు డిపాజిట్‌కి ఉండే ప్రభుత్వ హామీ పథకం ఇలాంటి బాండ్లకి వర్తించదు. ఆ సంగతి కాగితాల్లో రాసే ఉంటుంది, చదివేదెవరు?

2023 జూన్‌లో లండన్ ఐరిష్. 1898 నాటి క్లబ్. అప్పుడే ముగిసిన సీజన్‌లో లీగ్‌లో ఐదో స్థానం! అమెరికా నుంచి కొనేవాళ్లు వస్తున్నారని వారాల తరబడి చెప్పారు, గడువు పొడిగించారు, చివరికి ఎవరూ రాలేదు. అదే ఏడాది రెండో అంచె లీగ్ గెలిచిన జెర్సీ రెడ్స్ కూడా సెప్టెంబర్ చివర్లో చేతులెత్తేసింది. కాబట్టి "మన జట్టు బాగా ఆడుతోంది, ఏం కాదు" అనే ధీమా పెట్టుకోకండి. మనకిది కొత్తా? డెక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012 సెప్టెంబర్‌లో బీసీసీఐ ఆ ఫ్రాంచైజీనే రద్దు చేసింది. హైదరాబాద్ పేరుతో వేరే జట్టు వచ్చింది, వేరే యజమాని. పాత జెర్సీ మా తమ్ముడి బీరువాలో ఇప్పటికీ ఉంది.

కారణాలు ఇక్కడ పెద్ద రహస్యమేమీ కాదు. సొంత మైదానంలో ఏడాదికి పదో పదిహేనో మ్యాచ్‌లు, మిగతా రోజులు స్టేడియం ఖాళీ. ఆటగాళ్ల జీతాలు మాత్రం నెల నెలా కట్టాలి. తేడాని ఎవరో ఒక డబ్బున్న యజమాని జేబులోంచి పూడుస్తుంటాడు. కోవిడ్‌లో ప్రభుత్వం ఇచ్చిందీ చాలావరకు అప్పే. ఆ యజమాని విసిగిపోయిన రోజు ఆట ముగుస్తుంది.

సరే, డబ్బు సంగతి. నాకు ఏం తిరిగొచ్చింది, ఏం రాలేదు అన్నది ఉన్నదున్నట్టు చెప్తాను.

పెద్దవాళ్ల రెండు టికెట్లూ క్రెడిట్ కార్డు మీద ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. కన్జ్యూమర్ క్రెడిట్ చట్టం, 1974లో సెక్షన్ 75 ఉంది. ఒక వస్తువు ధర 100 పౌండ్లు దాటి, 30,000 లోపు ఉంటే, అమ్మినవాడు ఇవ్వాల్సింది ఇవ్వకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకుకీ అంతే బాధ్యత. బ్యాంకుకి ఫోన్ చేస్తే మొదట "క్లబ్‌నే అడగండి" అన్నారు. ఆ మాట విని ఫోన్ పెట్టేయకండి. సెక్షన్ 75 కింద క్లెయిమ్ అని స్పష్టంగా చెప్పి, అడ్మినిస్ట్రేటర్ల మెయిల్, టికెట్ రసీదు, కార్డు స్టేట్‌మెంట్ పంపండి. పదకొండు వారాలు పట్టింది. చూసేసిన మూడు మ్యాచ్‌ల విలువ తీసేసి మిగతాది వేశారు. అది న్యాయమే.

మా వాడి 75 పౌండ్ల టికెట్‌కి అదే సెక్షన్ వర్తించలేదు. మొత్తం బిల్లు 1,455 అయినా లెక్క ఒక్కో టికెట్‌దే. వందకి తక్కువైతే చార్జ్‌బ్యాక్ (అమ్మినవాడి నుంచి డబ్బు వెనక్కి రప్పించమని బ్యాంకుని అడగడం) అడగొచ్చు, కానీ అది చట్టం ఇచ్చిన హక్కు కాదు, కార్డు కంపెనీల నియమం మాత్రమే. సాధారణంగా 120 రోజుల గడువు. జెర్సీ డబ్బు ఆ దారిలో వచ్చింది, టికెట్‌ది ఇంకా తేలలేదు. గిఫ్ట్ వోచర్ గోవిందా.

మా వీధిలో వరంగల్ నుంచి వచ్చిన ఒకన్న ఉన్నాడు. కార్డు ఖర్చు లేకుండా నేరుగా బ్యాంకులో వేస్తే ఇంకో రెండు శాతం తగ్గిస్తామన్నారని నలుగురికి మూడేళ్ల టికెట్లు ట్రాన్స్‌ఫర్ చేశాడు. ఇప్పుడు ఆయనకి హామీ లేని అప్పులోళ్ల వరసలో చోటు దొరికింది. ఆ వరసలో ముందు స్టేడియం తాకట్టు పెట్టుకున్నవాడు, తర్వాత అడ్మినిస్ట్రేటర్ల ఫీజులు, తర్వాత ఉద్యోగుల బకాయి జీతాల్లో కొంత, 2020 డిసెంబర్ నుంచి వ్యాట్, ఉద్యోగుల జీతాల్లో కోసిన పన్ను లాంటి బకాయిలకి హెచ్‌ఎంఆర్‌సీ కూడా మనకంటే ముందే. భోజనాల బంతిలో చివర కూర్చున్నవాడికి గిన్నె అడుగు గీకిన శబ్దమే వినిపిస్తుంది. "తమ్ముడూ, రెండు శాతం కోసం నూరు శాతం పోగొట్టుకున్నా" అని నవ్వుతాడు కానీ, ఆ ఇంట్లో ఆ నవ్వు వెనక ఎన్ని రోజులు టెన్షన్ పడ్డారో నాకు తెలుసు.

ఇంకొకాయన క్రెడిట్ కార్డే వాడాడు, కానీ టికెట్ అమ్మింది మధ్యలో ఉన్న వేరే టికెట్ కంపెనీ. స్టేట్‌మెంట్‌లో వాళ్ల పేరుంది. క్లబ్‌కీ తమకీ మధ్య నేరుగా లావాదేవీ లేదని బ్యాంకు మెలిక పెట్టింది. కాబట్టి డబ్బు కట్టే ముందు అవతల ఎవరి పేరు వస్తుందో చూడండి. వాయిదాల్లో కట్టేవాళ్లు కూడా ఆ వాయిదా క్లబ్‌కి వెళ్తోందా, ఫైనాన్స్ కంపెనీకి వెళ్తోందా చూసుకోండి. ఫైనాన్స్ అయితే అది మీ పేరున ఉన్న అప్పు. వాళ్లతో మాట్లాడకుండా ఆపేస్తే మీ క్రెడిట్ స్కోరే దెబ్బతింటుంది.

యూకేలో కంపెనీల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ సైట్‌లో పైసా ఖర్చు లేకుండా పది నిమిషాల్లో చాలా తెలుస్తుంది. టికెట్ షరతుల్లో ఉన్న కంపెనీ పేరు కొట్టండి. లెక్కలు గడువు దాటినా దాఖలు చేయలేదంటే అక్కడే కనిపిస్తుంది. చార్జెస్ అన్న చోట ఎవరికి ఏం తాకట్టు పెట్టారో ఉంటుంది. ఆడిటర్ నివేదికలో గోయింగ్ కన్సర్న్ అన్న మాట పక్కన అనిశ్చితి ఉందని రాశారంటే, వచ్చే ఏడాది ఉంటారో లేదో ఆడిటర్‌కే నమ్మకం లేదని అర్థం. డైరెక్టర్లు వరసగా దిగిపోతుంటే అదీ చూడండి. నేను ఇవన్నీ చూశాను, క్లబ్ మూతపడిన మర్నాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు. మా క్లబ్ లెక్కలు తొమ్మిది నెలలు ఆలస్యం.

ఇక ఈ నెల వచ్చిన మెయిల్. కొత్తగా ఒక బృందం క్లబ్‌ని తీసుకుంటోందట. వచ్చే సీజన్ సీటు కోసం తలకి 25 పౌండ్లు కట్టి పేరు నమోదు చేసుకోవాలట, పాత టికెట్ ఉన్నవాళ్లకి పది శాతం తగ్గింపట. కింద చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు వేరే. రిజిస్టర్ అయ్యి ఆరు వారాలే అయింది. పాత కంపెనీ మీకు బాకీ ఉన్నది ఈ కొత్త కంపెనీ ఇవ్వక్కర్లేదు. జట్టు ఏ లీగ్‌లో ఆడుతుందో, అసలు ఆడనిస్తారో లేదో కూడా ఇంకా తేలలేదు. కొన్ని తిరిగొస్తాయి, కాదనను. వూస్టర్ మూడేళ్ల తర్వాత 2025-26లో రెండో అంచె లీగ్‌లో మళ్లీ ఆడింది. కానీ వాస్ప్స్‌కి కొత్త యజమానులు వచ్చాక కూడా 2023-24లో రెండో అంచెలో సైతం ఆడటం కుదరలేదు. ఆ మధ్యలో కట్టిన 25 పౌండ్లు ఎవరి ఖాతాలో ఉంటాయి? ఇదే అడుగుతూ మెయిల్ పెట్టాను. మూడు వారాలైంది, జవాబు లేదు. ఒక్కొక్కరికీ 25 మాత్రమే కాబట్టి సెక్షన్ 75 కూడా అక్కరకు రాదు. లీగ్ వాళ్లు చోటు ఖాయం చేసేదాకా నేను కట్టను.

మా వాడు మాత్రం "నాన్నా, మనం కట్టకపోతే వాళ్లు ఎలా మొదలుపెడతారు?" అని అడిగాడు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. మ్యాచ్‌లు మొదలైన రోజు గేటు దగ్గర పూర్తి ధర పెట్టి టికెట్ కొంటానని చెప్పాను, కొంటాను కూడా.

మా క్లబ్‌లో డబ్బు ఇరుక్కున్నవాళ్లు ఇంకా ప్రూఫ్ ఆఫ్ డెట్ ఫారం (క్లబ్ మనకి ఇంత బాకీ అని అడ్మినిస్ట్రేటర్లకి చెప్పే కాగితం) పంపకపోతే ఈ నెలాఖరులోగా పంపండి, రసీదులు జత చేయడం మర్చిపోకండి. నింపడం తెలియకపోతే ఆదివారం పదింటికి పిల్లల గ్రౌండ్ దగ్గర టీ బల్ల పక్కన నేను, వరంగల్ అన్న ఇద్దరం ఉంటాం. పెన్ను తెచ్చుకోండి, పోయినవారం నాది ఎవరో పట్టుకెళ్లారు.