సైన్స్ అకాడమీల అవకాశాలు: మన కాలేజీలకు ఏది మేలు?

బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలకూ వాళ్లకు పాఠాలు చెప్పే లెక్చరర్లకూ మన దేశంలోని సైన్స్ అకాడమీలు మంచి అవకాశాలే ఇస్తున్నాయి. తిరుపతి, చిత్తూరు డిగ్రీ కాలేజీల్లో వాటి గురించి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా సమ్మర్ ఫెలోషిప్ ఒక్కటే అనుకుంటారు. అది గొప్పదే. కానీ ఒక మామూలు కాలేజీ తన శ్రమ దేనిమీద పెట్టాలని అడిగితే నా జవాబు వేరు.

ముందు అకాడమీల సంగతి. 1930లో మేఘనాద్ సాహా చొరవతో అలహాబాదులో ఒకటి పుట్టింది. 1934లో సి.వి. రామన్ బెంగళూరులో ఇంకొకటి పెట్టారు. 1935లో కలకత్తాలో మొదలైన మూడోది తర్వాత ఢిల్లీకి మారింది, దాన్నే ఇప్పుడు ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ) అంటున్నాం. పెద్ద శాస్త్రవేత్తలను ఫెలోలుగా, అంటే గౌరవ సభ్యులుగా ఎన్నుకోవడం, పత్రికలు నడపడం వీటి పాత పని. కాలేజీల కోసం ఈ మూడూ కలిసి చేసే పనులే మనకు కావాల్సినవి.

సమ్మర్ ఫెలోషిప్‌కు ఎంపికైతే వేసవిలో రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. స్టైపెండ్ ఇస్తారు. రికార్డు పుస్తకంలో సరిపోయే ఆన్సర్ వచ్చేదాకా ప్రాక్టికల్ చేసే మన పిల్లలు, ఆన్సర్ ఎవరికీ తెలియని ప్రయోగం అక్కడే మొదటిసారి చూస్తారు. చదువు మీద వాళ్లకున్న అభిప్రాయమే మారిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే పోటీ దేశవ్యాప్తం. ఏం పని చేయాలనుకుంటున్నారో అప్లికేషన్‌లోనే రాయాలి, లెక్చరర్ సిఫారసు లేఖ కావాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పలమనేరు అమ్మాయికి ఆ నాలుగు పేరాలు రాయడమే పెద్ద టెన్షన్. పోనీ సీటు వచ్చిందనుకుందాం. ఆ అమ్మాయి బాగుపడుతుంది, పైచదువులకు వెళ్లిపోతుంది. వెళ్లాలి కూడా. కాలేజీలో మాత్రం ఏమీ మారదు.

లెక్చర్ వర్క్‌షాప్ అలా కాదు, అది మన ఊరికే వస్తుంది. రెండు మూడు రోజులు శాస్త్రవేత్తలు కాలేజీకి వచ్చి ఒక అంశం మీద మాట్లాడతారు, హాలు నిండా పిల్లలు వింటారు. మన ప్రాంతానికి ఇది మరీ అనుకూలం. ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువుకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర సంస్థ) రెండూ ఏర్పేడు దగ్గరే ఉన్నాయి. గాదంకిలో వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, తిరిగొచ్చే బలహీనమైన సిగ్నల్‌ను బట్టి పై గాలుల వేగం చెబుతుంది. విద్యుదయస్కాంత తరంగాల పాఠాన్ని బట్టీ పట్టే పిల్లలకు ఆ పక్కనే ఇంత పని జరుగుతోందని తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. అయితే మాట్లాడినవాళ్లు వెళ్లిపోయాక వారానికి హాల్లో విన్నది సగం పోతుంది. 2017 జనవరిలో ఎస్వీ యూనివర్సిటీలో సైన్స్ కాంగ్రెస్ అనే దేశవ్యాప్త శాస్త్రవేత్తల సమావేశం జరిగింది. అది అకాడమీల కార్యక్రమం కాదు గానీ, నోబెల్ గ్రహీతలే వచ్చారు. అంత సంబరం తర్వాత కూడా మన క్లాసురూముల్లో పాఠం చెప్పే తీరు మారలేదు.

అందుకే నా ఓటు లెక్చరర్లకు. సమ్మర్ ఫెలోషిప్ వాళ్లకూ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. అది కుదరకపోతే రెండు వారాల రిఫ్రెషర్ కోర్సులు ఉన్నాయి. ల్యాబ్‌లో రెండు నెలలు గడిపి వచ్చిన లెక్చరర్ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇక్కడే పాఠం చెబుతారు. అర్థం కాని చోట తెలుగులో విడమర్చి చెబుతారు. వచ్చే ఏడాది ఫెలోషిప్‌కు రాసే పిల్లల అప్లికేషన్ దిద్దేది ఆయనే, వర్క్‌షాప్‌కు ఎవరిని పిలవాలో తెలిసేదీ ఆయనకే. మిగతా రెండు దారులూ తెరుచుకునేది ఆయన ద్వారానే.

ఈలోగా ఖర్చు లేని పని ఒకటుంది. బెంగళూరు అకాడమీ 1996 నుంచి నడుపుతున్న రెజొనెన్స్ మాసపత్రిక పాత సంచికలన్నీ ఆన్‌లైన్లో ఉచితం. ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి నెలకొక వ్యాసాన్ని లెక్చరర్ క్లాసులో తెలుగులో చెబితే చాలు.

ఫెలోషిప్ నోటిఫికేషన్ ఏటా వస్తుంది, అర్హతలు ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోవాలి. ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలకు నా విన్నపం ఒకటే: ఎంపికైన లెక్చరర్‌ను ఆ వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిప్పకండి, జీతం ఆపకుండా ల్యాబ్‌కు పంపండి.