ఇంటి గోడ మీద గ్రాఫిటీ: స్ప్రేనా, బ్రష్షా, వాల్‌పేపరా?

వీధి గోడల మీద కనిపించే పెద్ద అక్షరాలు, బొమ్మలే గ్రాఫిటీ. ఇంట్లో వాటిని వేయడానికి పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు ఉన్న హాలు గోడ అనుకుందాం. ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు గోడను అరచేత్తో గట్టిగా రుద్ది చూడాలి. తెల్లపొడి అంటిందంటే అది సున్నమో డిస్టెంపరో. దాని మీద ఏదీ నిలవదు, మాస్కింగ్ టేపు లాగితే పొరతో సహా ఊడొస్తుంది. గీకేసి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టాకే పని మొదలుపెట్టాలి. బాత్‌రూమ్ వైపు నుంచి చెమ్మ వస్తుంటే ముందు ఆ లీకేజీ ఆపించాలి.

గ్రాఫిటీకి ప్రాణం స్ప్రేలోనే ఉంది. పొగలా కరిగిపోయే అంచు, ఒక్క ఊపులో సాగిన గీత బ్రష్‌కు లొంగవు. సన్నగీతకు సన్న క్యాప్ (క్యాన్ మీద రంగు చిమ్మే మూతి) పెట్టి గోడకు బాగా దగ్గర నుంచి, షేడుకు వెడల్పు క్యాప్‌తో ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల దూరం నుంచి కొట్టాలి. చెయ్యి ఒకచోట ఆగిందా, రంగు కారుతుంది. వానాకాలం తేమలో కొన్ని స్ప్రే రంగులు ఆరాక తెల్లగా పాలిపోతాయి. 400 మి.లీ. క్యాన్ ఒక పూతకు సుమారు 15–20 చదరపు అడుగులకే సరిపోతుంది. ఈ గోడంతా రెండు పూతలు స్ప్రేతోనే నింపాలంటే దాదాపు పది క్యాన్లు ఖాళీ అవుతాయి.

అంతకన్నా పెద్ద చిక్కు ఆవిరి. ఎన్95 మాస్క్ తుంపరను అడ్డుకుంటుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. రసాయన ఆవిరిని పట్టేసే ఫిల్టర్ డబ్బీ (ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్) ఉన్న రెస్పిరేటర్ మాస్కే పెట్టుకోవాలి. క్యాన్‌లో రంగును బయటికి నెట్టేవి చాలావరకు బ్యూటేన్, ప్రొపేన్ లాంటి మండే గ్యాసులే. కాబట్టి వంటగదిలో స్టవ్వు, దేవుడి దగ్గర దీపం ఆర్పాకే మూత తియ్యాలి. గాల్లోనే ఆరిన తుంపర పొడిలా టైల్స్ మీద, ఫ్యాను రెక్కల మీద పేరుకుంటుంది. నేలంతా పాలిథీన్ పరిచి, అంచులకు టేపు వేయాల్సిందే.

బ్రష్, రోలర్‌తో ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) వేస్తే ఈ బెడద దాదాపు ఉండదు. లీటరు రంగు ఒక పూతకు వంద చదరపు అడుగులు దాటి వస్తుంది, కావలసిన రంగు షాపులోనే కలిపిస్తారు. షేడులు మాత్రం గరుకుగా వస్తాయి. అందుకని ఇది స్ప్రే కంటే తక్కువ రకం అనుకోనక్కర్లేదు. ఢిల్లీ లోధీ కాలనీలో, హైదరాబాద్ ఎం.ఎస్. మక్తాలో వీధి గోడల బొమ్మల్లోనూ రోలర్, బ్రష్ పని ఉంది.

ప్రింట్ వాల్‌పేపర్ ఒక్కరోజులో అయిపోతుంది. కానీ చిన్న బొమ్మను సాగదీసి ప్రింట్ చేస్తే దగ్గర నుంచి అక్షరాల అంచులు చెదిరి కనిపిస్తాయి. వినైల్ (ప్లాస్టిక్ పొర) రకం చెమ్మను బయటికి పోనివ్వదు. అతుకుల దగ్గర లేస్తుంది, వెనక బూజు పడుతుంది. పైగా రంగు కారిన చారను కూడా అచ్చు వేసి అంటిస్తే అది గ్రాఫిటీ ఫోటో అవుతుంది, గ్రాఫిటీ కాదు.

సొంత ఇంటికి మా ఓటు కలగలుపు పనికే. బొమ్మ వెనకాల రంగు, అక్షరాల లోపలి రంగు ఎమల్షన్‌తో, షేడులు, చివరి అవుట్‌లైన్, వెలుగు పడినట్టు కనిపించే తెల్ల మచ్చలు (హైలైట్లు) స్ప్రేతో వేయాలి. అప్పుడు మూడు నాలుగు క్యాన్లు చాలు. బొమ్మను పెద్దది చేయడానికి ప్రొజెక్టర్ లేకపోతే గోడ నిండా పిచ్చిగీతలు గీసి ఫోటో తీయండి. ఫోన్‌లో ఆ ఫోటో మీద స్కెచ్ పరిస్తే ఏ గీత ఎక్కడ పడాలో ఆ పిచ్చిగీతలే చెబుతాయి. ఆరాక నీటి ఆధారిత మ్యాట్ వార్నిష్ కొడితే మెరుపు అంతటా ఒకేలా ఉంటుంది.

అద్దె ఇల్లైతే 8×4 అడుగుల ప్లైవుడ్ మేలు. ప్రైమర్ కొట్టి, మేడ మీద స్ప్రే చేసి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి గోడకు స్క్రూలతో బిగించవచ్చు. ఖాళీ చేసేటప్పుడు పూడ్చాల్సింది ఆ స్క్రూ రంధ్రాలే. గోడ మీదే వేసి ఉంటే, పైన తెల్ల ఎమల్షన్ ఎన్ని పూతలు వేసినా స్ప్రేలోని ఎరుపు రంగు బయటికి ఊరవచ్చు. గరుకు కాగితంతో రుద్ది, ఆయిల్ ప్రైమర్ కొట్టాకే అది అణుగుతుంది.