చెమ్మ మరకకు పాలసీ లేదట

నాలుగేళ్లుగా భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ కడుతున్నాం. కనిపించిన వాళ్లందరి దగ్గరా దాన్ని పొగిడాను, మా ఆఫీసులో ఇద్దరి చేత తీయించాను కూడా. అప్పటికి నాకు క్లెయిమ్ అంటే ఏంటో తెలీదు, అది ఇప్పుడు ఒప్పుకోవాలి.

మాది సరూర్‌నగర్‌లో పాత ఇండిపెండెంట్ ఇల్లు. పోయిన మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి పక్కింటి వేపచెట్టు కొమ్మ విరిగి మా డాబా మీద పడింది. పిట్టగోడ కొంత కూలింది, ట్యాంకు నుంచి దిగే పైపు విరిగింది, వేపాకంతా కొట్టుకొచ్చి వాననీళ్లు పోయే తూముకి అడ్డం పడింది. ఇక నీళ్లు ఎటు పోతాయి, మెట్ల మీదుగా నేరుగా ఇంట్లోకే. మేమేమో నాగోల్‌లో పెళ్లి భోజనాల దగ్గర ఉన్నాం. వచ్చి చూస్తే హాల్లో సోఫా, దివాన్, బీరువా కింది అరలో బట్టలు అన్నీ నానిపోయి ఉన్నాయి.

ముందు మంచి మాట చెప్తాను. సామాన్ల జాబితా మేము ఎప్పుడూ ఇవ్వలేదు, కాబట్టి వాటికి పైసా రాదనే అనుకున్నా. కానీ ఇంటికి బీమా తీసుకుంటే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, సామాన్లకి దానంతట అదే వర్తిస్తుందట. మా ఇంటికి 30 లక్షలు రాయించాం (స్థలం విలువ లెక్కలోకి రాదు, కట్టడం ఖర్చే), అంటే సామాన్లకి 6 లక్షలు. కాగితాల్లో ఇదంతా మొదటి నుంచీ ఉంది, చదవలేదు, అంతే.

అసలు గొడవ గోడల దగ్గర మొదలైంది. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చి సామాన్ల వైపు పెద్దగా చూడలేదు, హాల్లో గోడకి దగ్గరగా నిలబడి "ఈ మరక పాతది కదా మేడమ్" అన్నాడు. కాదు సార్ మొన్నటిదే అంటే నమ్మడే! మా ఆయన ఫోన్‌లో వెతికి పోయిన ఏడాది వరలక్ష్మీ వ్రతం ఫొటోలు తీశాడు. కలశం వెనకాల గోడ తెల్లగా, అద్దంలా ఉంది. సర్వేయర్ ఏమీ మాట్లాడకుండా రాసుకున్నాడు. నాకైతే ఆ అమ్మవారే వచ్చి సాక్ష్యం చెప్పినట్టు అనిపించింది.

ఆ సంతోషంలో నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, ఆ వ్రతం రోజు ఫొటోలన్నీ సర్వేయర్‌కి వాట్సాప్ చేశాను. ఒకదాంట్లో పేరంటాళ్ల వెనక బెడ్‌రూమ్ తలుపు తెరిచి ఉంది, లోపల సీలింగ్ మూలన పసుపు అంచులతో చెమ్మ మరక పక్కా కనిపిస్తోంది. ఆ గదిలో ఊడిన పెచ్చులకి, పెయింట్‌కి రూపాయి ఇవ్వలేదు. పాలసీలో తుఫాను రాసి ఉంది, వరద రాసి ఉంది, పైపు పగలడం, చెట్టు పడటం రాసి ఉన్నాయి, ఏళ్ల తరబడి స్లాబ్‌లోంచి దిగే చెమ్మ మాత్రం ఆ వరసలో లేదట. కానీ ఆ పెచ్చులు ఊడింది ఆ రాత్రే కదా అని నా బాధ. నా చేతులతో నేనే పంపిన ఫొటో కాబట్టి గట్టిగా పోట్లాడలేకపోయాను కూడా.

మొత్తం 1,38,000 అడిగితే 91,400 వచ్చింది, అదీ రెండు నెలలకి, మధ్యలో ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త గొంతు, మళ్లీ మొదటి నుంచి కథ. కంపెనీ పేరు రాయను, ఈ పాలసీ నిబంధనలు ఏ కంపెనీలోనైనా ఒకటేగా.

ఈ ఏడాది రెన్యూవల్ చేశాం. మాకు ప్రీమియం మూడు వేల లోపే కాబట్టి చేశాం, పక్కింటి చెట్టు ఇంకా అలాగే ఉంది కాబట్టి చేశాం. అపార్ట్‌మెంట్‌లో మధ్య అంతస్తులో ఉండేవాళ్లకి ఎంత ఉపయోగమో నేను చెప్పలేను. బెడ్‌రూమ్ పైన వాటర్‌ప్రూఫింగ్‌కి మేస్త్రీ 60 వేలు అడుగుతున్నాడు. దసరా అయ్యాక చూద్దాం అంటున్నాడు మా ఆయన, పోయినసారి సంక్రాంతి అయ్యాక అన్నాడు.