తిరువనంతపురం ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లొచ్చాను, పాస్ 1,180 రూపాయలు

ముందే చెప్పేస్తున్నా, నేనేం సినిమా పండితుణ్ణి కాదు, శుక్రవారం మార్నింగ్ షోకి వెళ్లి పేపర్లు ఎగరేసిన బ్యాచే. సబ్‌టైటిల్స్ చదువుతూ సినిమా చూడ్డమంటే అదేదో పరీక్ష రాస్తున్నట్టు ఉండేది నాకు. ఫ్రెండు ఒకడు మూడేళ్లు చెవిలో జోరీగలా ఒకటే పోరు పెడితే, వీడి గోల పడలేక 2024లో ఐఎఫ్‌ఎఫ్‌కేకి పాస్ కొన్నా. అదే, ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్ ఆఫ్ కేరళ, 29వ ఎడిషన్, డిసెంబర్ 13 నుంచి 20 దాకా. తీరా బయల్దేరే రోజు ఆ ఫ్రెండుగాడికే సెలవు దొరకలేదు, నేనొక్కణ్ణే శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కా.

డిసెంబర్లో శబరి ఎక్స్‌ప్రెస్ అంటే తెలుసుగా, బోగీ మొత్తం మాలలో ఉన్న సాములే. నల్ల బట్టల్లో లేనివాణ్ణి నేనొక్కణ్ణే. ఎదురు సీటు గురుస్వామి "నువ్వు ఎక్కడ దిగుతావు సామీ" అంటే చివరిదాకా అన్నా, ఏం పని అంటే సినిమాలు చూడ్డానికి అన్నా. "సినిమాలకి అంత దూరమా, హైదరాబాద్‌లో థియేటర్లన్నీ ఎప్పుడు మూసేశారు సామీ" అన్నాడు. బోగీ అంతా నవ్వింది, నేనూ నవ్వా, లోపల మాత్రం నాకూ అదే డౌటు.

సరే విషయానికొస్తా. ఆ ఏడు 15 థియేటర్లు, 170కి పైన సినిమాలు, పాస్ జీఎస్టీతో కలిపి 1,180, స్టూడెంట్స్‌కి అందులో సగం. రోజుకి నాలుగేసి చూస్తే సినిమాకి నలభై రూపాయలు కూడా పడదు. టాగోర్ థియేటర్ మెయిన్ అడ్డా, రాత్రి ఓపెన్ ఎయిర్ షోలు కనకకున్ను ప్యాలెస్ పక్కన నిశాగంధిలో, ఇంక తంపానూర్లో బస్టాండు దగ్గర కైరళి, శ్రీ, నిళ అని మూడు స్క్రీన్లు ఒకేచోట, అవి గవర్నమెంటు థియేటర్లు. గవర్నమెంటుకి సొంతంగా సినిమా థియేటర్లు ఉండటం నేను అక్కడే చూశా.

మొదటిరోజు నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. సినిమాకి సీటు ముందురోజు పొద్దున్నే ఆన్‌లైన్లో రిజర్వ్ చేసుకోవాలి, నేను ట్రైన్ బడలికతో పడుకుని లేచేసరికి అనుకున్నవన్నీ ఫుల్. ఇక మిగిలింది రిజర్వేషన్ లేనోళ్ల క్యూ. కానీ ఒట్టు, ఫెస్టివల్లో సగం మజా ఆ క్యూలోనే ఉంది. నా ముందు ఒక పెద్దాయన, కేఎస్‌ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాడట, షెడ్యూల్ బుక్ నిండా ఎర్ర పెన్నుతో టిక్కులు, చేతిలో వేరుశనక్కాయల పొట్లం. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఏడాదికోసారి ఈ వారం కోసమే లీవులు దాచుకునేవాడట. నేను ఆయన్ని చేట్టా (అన్నా) అంటుంటే ఆయన నన్ను మోనే (బాబూ) అంటూ, ఇద్దరం వచ్చీరాని ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం, ఆయనే నాకు ఫెస్టివల్ పురాణం మొత్తం చెప్పాడు. 1994లో మొదటిసారి కోజికోడ్‌లో పెట్టారట, 1998లో కేరళ గవర్నమెంటు చలచిత్ర అకాడమీ వచ్చాక వాళ్ల చేతికెళ్లింది, కానీ దీనికి విత్తనం అంతకన్నా ముందే 1965లో మలయాళం డైరెక్టర్ అడూర్ గోపాలకృష్ణన్ వాళ్లు చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టినప్పుడే పడింది అంటాడు. 2013లో కొరియా డైరెక్టర్ కిమ్ కి డుక్ వస్తే జనం ఆయన్ని చూడ్డానికి ఎలా ఎగబడ్డారో చేతులూపి మరీ చూపించాడు. మన దగ్గర హీరో వస్తే ఎలాగో అలా అన్నమాట.

కాంపిటీషన్లో 14 సినిమాలు, అన్నీ ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా నుంచే, హాలీవుడ్డోళ్లకి అందులో ఎంట్రీ లేదు. గెలిచినోళ్లకి సువర్ణ చకోరం, 20 లక్షలు. చకోరం అంటే మన ప్రబంధాల్లో వెన్నెల తాగే పక్షి కదా, నేనూ అదే ఊహించుకుని వెళ్తే వాళ్ల చకోరం మన జెముడుకాకి! ఎర్ర కళ్లేసుకుని కంచెల మీద తిరిగేదే. నాకైతే ఇదే నచ్చింది, వెన్నెల తాగే పక్షిని ఎవడూ చూళ్ళేదు, జెముడుకాకి మా పెరట్లోకే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫెమినిచ్చి ఫాతిమా అని ఒక మలయాళం సినిమా, ఫాసిల్ ముహమ్మద్ అనే కుర్రాడి మొదటి సినిమా. పొన్నానిలో ఒక ఇల్లాలు, పిల్లాడు పక్క తడిపేసి పాడైపోయిన పరుపు, ఇంకోటి తెచ్చుకోవడానికి ఆవిడ పడే తంటాలు. అంతే కథ. ఇదే సినిమా ఇంట్లో ఫోన్లో చూసుంటే ఇరవయ్యో నిమిషంలో ఆపేసి రీల్స్ చూసుకునేవాణ్ణి, నిజం చెప్తున్నా. అక్కడ ఆ హాల్లో కిక్కిరిసిన జనం, మెట్ల మీద కూడా కూర్చున్నారు, ఆవిడ మొగుడికి ఒక చిన్న మాట ఎదురు చెప్తే ఆడవాళ్ల వైపు నుంచి ఈలలు! ఫైట్ లేదు, స్లోమోషన్ లేదు, పరుపు గురించి ఈలలు. వాళ్లు డైలాగ్ విని నవ్వుతారు, నేను కింద లైను చదివి అర సెకను లేటుగా నవ్వుతా, పక్కావిడ రెండుసార్లు నా వైపు తిరిగి చూసింది కూడా. తర్వాత ఇరాన్ సినిమాకెళ్తే అక్కడ మాత్రం అందరం సమానం, అందరం చదివే నవ్వాలి. పరుపు సినిమాకి ఆ ఏడు జ్యూరీ ప్రైజూ వచ్చింది, ప్రేక్షకుల ఓటూ దానికే పడింది. డెలిగేట్లు, అంటే పాస్ కొన్నవాళ్లు, ఓటేసి ఇచ్చే అవార్డు అది, నేనూ వేశా, పంచాయితీ ఎలక్షన్లలో కూడా అంత ఆలోచించి వెయ్యలేదు.

ఇలాంటి చిన్న సినిమాలు ఊరికే పుట్టుకురావట్లేదు అక్కడ. ఆడవాళ్లు డైరెక్ట్ చేసే సినిమాలకి కోటిన్నర దాకా గవర్నమెంటే పెట్టే స్కీమ్ ఉంది, 2024 మార్చిలో సీ స్పేస్ అని సొంత ఓటీటీ కూడా పెట్టారు. మనకీ 1986లో హైదరాబాద్‌లో ఫిల్మోత్సవ్ అని సినిమా పండగ జరిగింది, బంగారు ఏనుగు ప్రైజుతో పిల్లల సినిమాల పండగలు జరిగాయి. ఆ అలవాటు ఎక్కడ తెగిపోయిందో గానీ, రిటైరైన మన ఆర్టీసీ కండక్టర్లలో షెడ్యూల్ బుక్కులో ఎర్ర టిక్కులు పెట్టుకునేవాళ్లు ఉన్నా వాళ్లకి వెళ్లడానికి ఒక చోటు లేదు అనిపిస్తుంది. ఇలాంటి సినిమాలు మనవాళ్లు చూడరు అనే మాట మాత్రం నేనిక నమ్మను, నేనే చూశా కదా.

అన్నీ అద్భుతం అని చెప్పను. నేను సొంత తెలివితో ఎంచుకున్న వాటిలో మూడు గంటల సినిమా ఒకటి, అందులో ఒక గేదె నీళ్లు తాగుతూ ఉంటుంది, నేను నిద్రపోయి లేచా, గేదె ఇంకా తాగుతూనే ఉంది. ఫోన్ వెలుగు గాళ్లు అక్కడా ఉన్నారు, కాకపోతే వెనక నుంచి పదిమంది ఒకేసారి అరిస్తే దెబ్బకి ఆపేస్తారు. సినిమా అయ్యాక డైరెక్టర్‌తో జరిగే ముచ్చట, సాయంత్రం ఓపెన్ ఫోరం అనే చర్చల్లో గొడవలు మెల్లగా మలయాళంలోకి జారిపోతాయి, మన చేట్టా లాంటివాళ్లు పక్కనుంటే బతికిపోతాం. నేను దిగిన లాడ్జి సంగతి అడక్కండి, ఫ్యాను తిరిగితే హెలికాప్టర్ దిగినట్టే, స్టేషన్ దగ్గరని తీసుకున్నా, మీరు నెల ముందే మంచిది చూసుకోండి. తిండికి బస్టాండు పక్కనే ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ ఉంది, గుండ్రంగా మెలికలు తిరుగుతూ పైకెళ్లే ఎర్ర బిల్డింగు. దోసెలో బీట్‌రూట్ వస్తుంది, రెండు సినిమాల మధ్య అదే దిక్కు, నాకు మూడోరోజుకి అలవాటైపోయింది.

ఫ్యామిలీతో హాయిగా రెండు సినిమాలు చూసొద్దాం అనుకునేవాళ్లకి ఇది కాదు. నడవాలి, నిలబడాలి, అనుకున్నది దొరక్కపోతే పేరు కూడా తెలియని దానికి దూరిపోవాలి. నాకు బాగా నచ్చినవాటిలో రెండు అలా దూరినవే. చివరిరోజు నిశాగంధిలో డైరెక్టర్ పాయల్ కపాడియాకి స్పిరిట్ ఆఫ్ సినిమా అవార్డు ఇస్తుంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టిన జనాన్ని చూశాక మాత్రం, వచ్చే ఏడు లీవు ఇప్పట్నుంచే దాచుకోవాలని లెక్కలేసుకున్నా.

తిరుగు ట్రైన్లో మళ్లీ సాములే, ఈసారి దర్శనం చేసుకుని వస్తున్నవాళ్లు. ఒకాయన అరవణ డబ్బా తెరిచి నా చేతిలో పెట్టి, సినిమాలు చూసొచ్చానని తెలిసి "అయితే ఒక కథ చెప్పు సామీ, టైంపాసు" అన్నాడు. పరుపు కథ చెప్పా. హీరో ఎవరు అన్నాడు, హీరో లేడు సామీ అన్నా. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "మా ఇంట్లో కూడా ఒక పరుపుంది, మా ఆవిడ రెండేళ్లనుంచి మార్చమంటోంది" అన్నాడు.