అండమాన్‌లో యాంటెన్నాకి చోటు కావాలంటే ఆ రిసార్టు జోలికి పోకండి

పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) సముద్రం కనిపించే రూమ్ అనగానే అడ్వాన్సు పంపేయకండి. ముఖ్యంగా నాలా హామ్ రేడియో పిచ్చి ఉన్నవాళ్ళు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో ప్రపంచంతో మాట్లాడేవాళ్ళు. రాత్రికి 4,800 పోస్తే మాకు దక్కింది రిసీవర్ నిండా హోరు.

చెన్నై నుంచి ముగ్గురం వెళ్ళాం: నేను, మా ఆవిడ, పెరంబూరులో ఉండే మా పెద్దాయన. ఆయన టెలికాంలో రిటైరయ్యారు. మాట్లాడటం కన్నా మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) కొట్టడమే ఆయనకి ఇష్టం. అండమాన్ నుంచి పిలిస్తే కాల్‌సైన్, అంటే రేడియోలో మన గుర్తింపు పేరు, వీయూ4తో మొదలవుతుంది, లక్షద్వీప్‌కి వీయూ7. ఉన్నది మన దేశంలోనే అయినా హామ్‌ల జాబితాలో ఈ రెండూ విడివిడి దేశాల కింద లెక్క. అందుకే ఇక్కడి నుంచి ఎవరైనా పలికితే చాలు, ప్రపంచం నలుమూలల నుంచీ ఎగబడతారు. 2004 డిసెంబరులో హైదరాబాద్ హామ్ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అక్కడ స్టేషన్ పెట్టి ఉండగానే సునామీ వచ్చింది. ఫోన్లు పోయిన ఆ రోజుల్లో కబుర్లు మోసింది వాళ్ళ రేడియోలే. ఈ కథ పెద్దాయన దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

కేబుల్, కనెక్టర్లు చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాం, 2,350 అయింది. ఢిల్లీ నుంచి రావలసిన అనుమతి కాగితాలు ముందే తెప్పించుకున్నాం. బ్యాటరీని మాత్రం ఇంట్లోనే వదిలేశాం. 12.8 వోల్టుల 20 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ అంటే 256 వాట్ అవర్లు. 160 దాటితే విమానం ఎక్కనివ్వరు. ఎక్స్‌ట్రా లగేజీకి 3,900 కట్టాం. ప్రయాణం గురించి అంతకన్నా చెప్పడానికేం లేదు.

ఇక రిసార్టు. ఫోన్‌లో "టెర్రస్ మొత్తం మీదే సార్" అన్నాడు మేనేజర్. వెళ్ళి యాంటెన్నా నిలబెట్టే ఫైబర్ కర్ర బయటికి తీయగానే మాట మార్చాడు. టెర్రస్‌కి రోజుకి 2,000 వేరే అట! లైసెన్సు చూపిస్తే పోలీసు లెటర్ కూడా కావాలన్నాడు. ఆ 2,000 చేతిలో పెట్టాక పోలీసు లెటర్ ఊసు మళ్ళీ ఎత్తలేదు. సరే, యాంటెన్నా నిలబెట్టి 14 మెగాహెర్ట్జ్ (హామ్‌లు 20 మీటర్ల బ్యాండ్ అంటారు) మీద చెవి పెడితే సిగ్నల్ బలం చూపే మీటరు ఎస్9 దగ్గర, అంటే బాగా పైన, అతుక్కుపోయింది, స్టేషన్ ఒక్కటీ వినిపించడం లేదు. మా రూమ్‌లో లైట్లు, ఏసీ, ఫ్యాను అన్నీ కట్టేసినా అదే హోరు. చివరికి చేతి రేడియో పట్టుకుని తోటంతా తిరిగి పెద్దాయన దొంగని పట్టుకున్నారు: కొబ్బరి చెట్లకి చుట్టిన ఎల్ఈడీ తీగలు, వాటికి పెట్టిన నాసిరకం పవర్ సప్లైలు. ఒక్క గంట ఆపమని అడిగాం. "గెస్టులు ఫొటోలు దిగేది వాటి దగ్గరే సార్" అన్నాడు. అక్కడ సాయంత్రం తొందరగా చీకటి పడుతుంది, 20 మీటర్ల బ్యాండ్ మీద యూరప్ గట్టిగా వచ్చేదీ అప్పుడే. మేం హోరు వింటూ కూర్చున్నాం, కింద జనం సెల్ఫీలు దిగారు. పెద్దాయన అన్నం తినకుండా పడుకున్నారు. మా ఆవిడ మాత్రం ఎందుకైనా మంచిదని ఆ చెట్ల దగ్గరే నాలుగు ఫొటోలు దిగింది.

పొద్దున్నే అద్దె బ్యాటరీ కోసం అబర్డీన్ బజార్ వెళ్తే కొట్టాయన మన శ్రీకాకుళం మనిషి. మా గోడంతా విని "ఆ లైట్ల కాడ ఏటి వినిపిస్తాది బాబూ" అని, సముద్రం పక్కన వండూర్ అనే ఊళ్ళో తెలిసినవాళ్ళ ఇల్లు చూపించాడు. బ్యాటరీకి రోజుకి 300, డిపాజిట్ 5,000. డిపాజిట్ చివర్లో రూపాయి తగ్గకుండా తిరిగిచ్చాడు.

వండూర్ ఇంట్లో ఏసీ లేదు, బాత్రూమ్ బయట. రోజుకి 1,400, ముగ్గురికీ భోజనంతో కలిపి. ఆవ పెట్టిన చేపల పులుసు, వేడన్నం, పచ్చిమిరపకాయ. పెద్దాయన మూడోసారి వడ్డించుకున్నారు. ఆయన బ్రాహ్మణుడన్న సంగతి ఆ పూట ఎవరం ఎత్తలేదు. ఉప్పునీటి పక్కన నిలువు యాంటెన్నా పెడితే సిగ్నల్ దిగంతానికి దగ్గరగా వెళ్ళి చాలా దూరం పోతుంది. ఆ ఆశతో యాంటెన్నా కింద పరిచే వైర్లు నీళ్ళదాకా లాగబోతే మొసళ్ళున్నాయని బోర్డు! బుద్ధిగా వెనక్కొచ్చి ఇసుకలోనే పరిచాం. సాయంత్రం సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) కొట్టగానే ముందు జపాన్, ఆ వెంటనే ఇటలీ, జర్మనీ, పోలండ్ ఒకరి మీద ఒకరు పడిపోయారు. నేను లాగ్ (ఎవరెవరు పలికారో రాసుకునే పుస్తకం) రాయలేక చేతులెత్తేస్తే పెద్దాయన మోర్స్ కొట్టే కీ అందుకుని భోజనానికి పిలిచేదాకా వదల్లేదు. మా ఆవిడ మర్నాడు బోటెక్కి జాలీ బాయ్ దీవికి వెళ్ళొచ్చి మాతో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. అక్కడికి ప్లాస్టిక్ సీసాలు తీసుకెళ్ళనివ్వరు, సోమవారం మూసేస్తారు, ఆ రోజు పోకండి.

రూమ్ బుక్ చేసే ముందు రాత్రిపూట తీసిన ఫొటో అడగండి. చెట్లు మెరుస్తుంటే ఆ చోటు వదిలేయండి. ఏటీఎం మీద నమ్మకం పెట్టుకోక నోట్లు దగ్గరుంచుకోండి.

మేం ఉండని ఒక రాత్రి డబ్బు రిసార్టు వాళ్ళు మాకు వెనక్కివ్వాలి. ఎప్పుడడిగినా ఓనరు గారు ఊళ్ళో లేరంటారు. వారం వారం ఫోన్ చేస్తున్నది పెద్దాయనే. రిటైరైన మనిషి, కావలసినంత తీరిక.