బైకు మీద నైట్రోజన్ క్యాన్: ఒళ్లు అల్యూమినియం, మెడ ఫైబర్

కళ్యాణదుర్గం, బెళుగుప్ప పక్క పల్లెల్లో ఆవులకు చూలు కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేసే గోపాలమిత్రను. నా బండికి ఏళ్లుగా వేలాడుతున్నది మూడు లీటర్ల అల్యూమినియం నైట్రోజన్ క్యాన్. ఎద్దు వీర్యం నింపిన సన్నటి గొట్టాలను, అంటే స్ట్రాలను, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి ఉంచేది ఇందులోనే. ఎన్ని స్ట్రాలు పడతాయి, ఎన్ని రోజులు నిలుస్తుంది అన్నవి ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, వాటి జోలికి పోను. దీని ఒళ్లంటే నాకు ప్రాణం. దీని మెడంటేనే కోపం.

ముందు ఒంటి సంగతి. లోపల నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతూ ఉంటుంది. మామూలు స్టీలు ఆ చలిలో సాగే గుణం పోగొట్టుకుని దెబ్బ తగిలితే గాజులా పగులుతుంది. అల్యూమినియం మిశ్రలోహానికి ఆ జబ్బు లేదు, చలిలో దాని బలం ఇంకాస్త పెరుగుతుంది కూడా. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలు కూడా తట్టుకుంటుంది. పెద్ద నైట్రోజన్ ట్యాంకుల్లో లోపలి పాత్ర దానితోనే చేస్తారు. కానీ స్టీలు సాంద్రత దాదాపు మూడు రెట్లు. అల్యూమినియం తొందరగా వంగుతుంది కాబట్టి రేకు కొంచెం మందంగా వేయాల్సి వస్తుంది, అయినా మొత్తం మీద తేలికే. నైట్రోజన్ బరువే రెండున్నర కిలోల దాకా ఉంటుంది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని గట్ల మీద నడిచేవాడికి ఈ తేలికదనం విలువ తెలుస్తుంది.

ఇక మెడ. నా సంచిలో ఇంకో వస్తువుంది, స్ట్రాలు కరిగించడానికి 37 డిగ్రీల నీళ్ల కోసం పెట్టుకునే స్టీలు ఫ్లాస్కు. రెండూ ఒకే సూత్రం: రెండు గోడలు, మధ్యలో వాక్యూం. ఫ్లాస్కుకు మూతి దాకా స్టీలే. ఎందుకంటే స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని చాలా నిదానంగా మోస్తుంది. అల్యూమినియం మిశ్రలోహాలు దానికంటే దాదాపు పది రెట్లు వేగంగా మోస్తాయి. క్యాన్ మెడ కూడా అల్యూమినియంతోనే చేస్తే మన అనంతపురం ఎండ వేడంతా ఆ దారినే లోపలికి దిగి నైట్రోజన్‌ను ఆవిరి చేసేస్తుంది. అందుకే మెడ గ్లాస్ ఫైబర్‌తో చేసి రెండు వైపులా అంటిస్తారు. లోపలి పాత్ర, అందులోని నైట్రోజన్, స్ట్రాల బరువంతా ఆ ఒక్క మెడకే వేలాడుతుంది. బండి గుంతలో పడిన ప్రతిసారీ లోపలి పాత్ర ఊగుతుంది, ఆ కుదుపంతా అతుకు మీదే పడుతుంది.

పోయిన ఎండాకాలం అదే తెగింది. బెళుగుప్ప దగ్గరి ఊరి నుంచి ఒక అవ్వ ఎదకొచ్చిన ఆవు కోసం ఫోన్ చేసింది. "పొద్దున్నించి ఒకటే అరుస్తా ఉంది సారూ, బిన్నా రా." కంకర తేలిన దారిలో పోయి బండి ఆపి చూస్తే క్యాన్ భుజాల మీద తడి. గాలిలో చెమ్మ అంతగా లేని ఎండలో ఆ తడి చూడగానే నాకు గుండె జారింది. కాసేపటికి అది తెల్లటి మంచయింది, మూత సందులోంచి పొగ గట్టిగా తన్నుతోంది. వాక్యూం పోయింది. స్ట్రాలు ఇంకో క్యాన్‌లోకి మార్చాలని వెంటనే పశువుల ఆసుపత్రికి తిప్పాను. అక్కడ పుల్ల ముంచి తీస్తే దాని మీద మంచు గీతే లేదు, అంటే లోపల నైట్రోజన్ మిగల్లేదు. ఒకసారి కరిగిన స్ట్రా మళ్లీ గడ్డకట్టించినా పనికిరాదు, అన్నీ పారేశాం. వేరే స్ట్రా దొరికేసరికి ఆవు ఎద దాటిపోయింది. మళ్లీ 21 రోజులు. వేరుశెనగ చేతికి రాని ఏడాదిలో ఆ ఇంటికి పాలడబ్బే ఆధారం, ఈత ఒక్క ఎద వెనక్కి జరిగినా వాళ్లకు ఎంత నష్టమో నాకు తెలుసు.

మా ఊళ్లో వెల్డింగ్ షాపుల్లో దీనికి మందు లేదు. అతుకు మళ్లీ వేసి లోపలి గాలంతా లాగేయాలి, అది తయారీదారు దగ్గరే జరగాలి. కొత్తది చేతికొచ్చేదాకా పక్క సెంటర్ క్యాన్ అడుక్కుని తిరిగాను. స్టీలు ఫ్లాస్కు మాత్రం బండల మీద పడి సొట్టలు పోయి కూడా ఇప్పటికీ నీళ్లు వేడిగానే ఉంచుతోంది.

అల్యూమినియానికి తుప్పు పట్టదని తోటివాళ్లకు చెబుతుండేవాణ్ణి. ఎర్ర తుప్పు పట్టదు, నిజమే. కానీ బండి ఇనుప స్టాండు రాసుకునే చోట, తడిసిన గుడ్డ తొడుగు కింద తెల్ల పొడి లేచి రేకు మీద చిన్న చిన్న గుంతలు పడ్డాయి. రెండు లోహాలు తడిలో ఆనుకుంటే తినేసేది అల్యూమినియాన్నే.

ఇప్పుడు నన్నడిగితే, బండి మీద రోజంతా పల్లెలు తిరిగే నాలాంటివాడికి అల్యూమినియమే. ఆ బరువులో స్టీలుది నా చేతికి రాలేదు. జీపులో తిరిగేవాళ్లకు, సెంటర్‌లో ఒకచోటే పెట్టుకునేవాళ్లకు బరువు లెక్క కాదు, వాళ్ల మాట వేరే ఉండొచ్చు. నా మటుకు స్టాండుకూ క్యాన్‌కూ మధ్య మందపాటి రబ్బరు వేశాను. రాత్రి ఒకసారి, తెల్లవారి ఒకసారి తూకం వేస్తున్నాను. రోజూ తగ్గేదానికంటే ఎక్కువ తగ్గితే ఆ పూట స్ట్రాలు అందులో పెట్టను.