30 హక్కులు, ఒక్క గోడపత్రిక

డిసెంబర్ 10న మా బడిలో మానవ హక్కుల దినోత్సవం జరపడానికి తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులోని ఒక చిన్న ముద్రణాలయంలో గోడపత్రిక వేయించాను. 1948లో పారిస్‌లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన, 30 అధికరణాలూ తెలుగులో, చివరి బెంచీ పిల్లలకూ కనబడేలా కావాలన్నాను.

మొదటి నమూనాలో ఒత్తులు చెదిరి ‘హక్కు’ కాస్తా ‘హకు’ అయింది. నా యూనికోడ్ అక్షరాలను వాళ్ల పాత ఫాంటులోకి మార్చడంలో వచ్చిన చిక్కు అది. అక్షరాలు కూర్చే అమ్మాయి విసుక్కోకుండా ప్రతి వరుసా వేలు పెట్టి చదివి దిద్దింది. 24వ అధికరణం, విశ్రాంతి హక్కు దగ్గర ఆగి, “టీచర్‌గారూ, ఇది మాకూ వర్తిస్తుందా?” అని అడిగింది. అందరికీ వర్తిస్తుందమ్మా అన్నాను. మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అన్న మాటను ‘మానవులందరూ’ అని మార్పించింది అప్పట్లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘంలో భారత ప్రతినిధిగా ఉన్న మన హంసా మెహతాయేనని చెబితే, ఆ వరుసను తనంతట తానే లావు అక్షరాల్లో పెట్టింది. నాకు గొంతు పట్టేసింది.

కాగితం మందంగా ఉంది, సిరా చేతికి అంటలేదు. ఒక రోజు ఆలస్యమైంది, దానికి కాస్త కంగారు పడ్డాను. వచ్చే ఏడాదీ అక్కడే వేయిస్తాను, ఒక వారం ముందుగా.